కన్నీరు కార్చే కణుజు పుర్రె

విద్రుమగిరి రాజ్యానికి రాజధాని శోణదుర్గం. ఎర్రరాతి కొండకొమ్ము మీద కట్టిన ఆ కోట, ఉదయపు ఎండ సోకగానే రాజుకున్న నిప్పుకణికలా వెలిగేది. సాయంకాలానికి ఆరిన బొగ్గులా నల్లబడేది. కోట పాదాన్ని ఒరుసుకుంటూ ఘోరరవ నది లోయలోకి ఉరికేది. బాటసారుల కంట మొదట పడేవి మాత్రం బురుజులూ కావు, జెండాలూ కావు. సింహద్వారం పైన వరుసలు తీర్చి బిగించిన మృగాల పుర్రెలు. అడవిదున్నలు, ఎలుగులు, పులులు, కొమ్ములు విరబోసుకున్న కణుజు దుప్పులు. రాజవంశం తరతరాలుగా వేటాడి తెచ్చిన ఆ తలలు ఎండకూ వానకూ తెల్లబారి, కోటకు పళ్ళు మొలిచినట్లు కనిపించేవి.

ఒకనాటి ఉదయం ఆ ద్వారం ముందుకు ఒక మనిషి గాడిదను తోలుకుంటూ వచ్చాడు. గాడిద మీద కుండలు, కుంకుడుకాయల సంచులు, చౌడుమట్టి మూటలు. మనిషికి బొడ్డుదాకా జడలు కట్టిన గడ్డం, కరక్కాయ రసంతో నల్లబడిన చర్మం. అన్నిటికంటే ముందు అతడి వాసన వచ్చింది.

కాపలాదారు వీరమల్లు ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు.

"ఒరేయ్, అక్కడే ఆగు! గాలి నీ వైపు నుంచే వస్తోంది. ఎవడివి?"

"సింగన్న అంటారండి. పుర్రెలు శుభ్రం చేసి తెల్లబరిచేవాణ్ణి. మహారాజుగారు చాటింపు వేయించారని విని వచ్చాను."

"చాటింపు విన్నది నువ్వా, నీ గాడిదా? అదే నీకంటే శుభ్రంగా ఉంది."

"తమరు దానికే కొలువిప్పించండి. నేను మూటలు మోస్తాను."

వీరమల్లు పకపక నవ్వి ద్వారం తెరిపించాడు. ఆ జడల గడ్డం వెనుక ఉన్నది విద్రుమగిరి రెండవ రాజకుమారుడు శరభాంకుడని అతడు గుర్తించలేదు. గుర్తించాలంటే దగ్గరికి వచ్చి ముఖంలోకి చూడాలి. ఆ వాసనకు ఎవరూ అంత దగ్గరికి రారు. శరభాంకుడు మారువేషానికి రంగులకంటే ఎక్కువగా దానినే నమ్ముకున్నాడు.

అతడిని ఈ కోట నుంచి వెళ్ళగొట్టి ఏళ్ళు గడిచాయి. ఆనాడు అన్న జయకేతనుడు వేటలో తప్పిపోయాడు. అదే మధ్యాహ్నం శరభాంకుడు ఒక మడుగు దగ్గర నీళ్ళు తాగుతున్న కణుజును బాణంతో కొట్టి తెచ్చాడు. ఆస్థాన మాంత్రికుడు ధూమ్రకేశుడు ఆ కళేబరాన్ని చూసి నేలమీద పడి గుండెలు బాదుకున్నాడు: "అయ్యో మహారాజా! ఇది మృగం కాదు. శత్రుమంత్రం తగిలి కణుజు రూపం దాల్చిన పెద్ద యువరాజు! తమ్ముడి చేతిలో అన్న ప్రాణం పోయింది!"

జయకేతనుడు తిరిగి రాలేదు. మహీధరవర్మ మహారాజు కత్తి దూసి, చిన్న కొడుకును సరిహద్దు దాటించమని ఆజ్ఞాపించాడు. ఆ కత్తి మీదే ప్రమాణం చేశాడు: వాడు మళ్ళీ ఈ గడ్డ మీద కనిపిస్తే, సంజాయిషీకి నోరు తెరిచేలోగా తల నరుకుతానని.

శరభాంకుడు మాంత్రికుడి మాట నమ్మాడు. అన్నను చంపినవాడినన్న నమ్మకంతోనే తూర్పు కొండలకు పోయి, పుర్రెలు శుభ్రం చేసేవారి వాడలో చేరి, ఇతరులు తాకడానికి జంకే పనిని తనకు తానే శిక్షగా విధించుకున్నాడు. అయితే ఎముకలతో ఎక్కువకాలం మెలిగినవాడికి ఒక అలవాటు అబ్బుతుంది. చెప్పినదానికంటే చేతికి తగిలినదానిని నమ్మడం మొదలవుతుంది. తాను చంపింది నిజంగా అన్ననేనా? ఆ ప్రశ్న ఒకసారి పుట్టాక అతడికి అన్నం సహించలేదు. జవాబు ఒక్కచోటే ఉంది. ఆ కణుజు పుర్రెలో.

ఆ పుర్రె ఏడుస్తుందని రాజ్యమంతా చెప్పుకుంటున్నది. ఎండ కాసే మధ్యాహ్నాల్లో దాని కంటిగుంటల నుంచి పసుపుపచ్చని బొట్లు జారుతాయి. జయకేతనుడు దుఃఖిస్తున్నాడని, తన పుర్రె శంఖమంత తెల్లబడిన నాడు మానవరూపంతో లేచి వస్తాడని ధూమ్రకేశుడు సెలవిచ్చాడు. అప్పటినుంచి రాజు ఆ పుర్రె ముందే కూర్చుంటున్నాడు; రాజ్యాన్ని మాంత్రికుడు ఏలుతున్నాడు. పుర్రె మాత్రం ఎందరు తోమినా తెల్లబడలేదు. కన్నీరూ ఆగలేదు.

మొదటి పూటే శరభాంకుడికి కన్నీటి గుట్టు తెలిసిపోయింది. వేటనాడు అంతఃపుర పరిచారకులు తొందరపడి ఆ తలను సున్నపునీళ్ళలో మరిగించారు. మరిగిస్తే మాంసం ఊడిపోతుంది కాని, కొవ్వు ఎముకలోకి ఇంకి అక్కడే దాగిపోతుంది. ఎండ తగిలినప్పుడల్లా కరిగి బయటికి వస్తుంది. పైన ఎంత తోమినా ప్రయోజనం లేదు. ధూమ్రకేశుడికి ఆ సంగతి తెలుసు. ఎన్నటికీ తెల్లబడదని తెలిసే అతడు తెల్లబడిన నాటికి గడువు పెట్టాడు.

కొండవాడలో అందుకు వేరే పద్ధతి ఉంది. శరభాంకుడు కోట వెనుక బురుజు మీద తావు చేసుకున్నాడు. ముందుగా పుర్రె రెండు చెవి రంధ్రాలనూ తేనెమైనంతో మూశాడు. వేటగాడి గొప్పలు మృగం చెవిన పడకూడదని వాడలో చెబుతారు. చెవిలోని చిన్న ఎముకలు జారిపోకుండా మైనం కాపాడుతుందన్నది అందులోని ఉపయోగం. తరువాత కొమ్ములకు తడి తగలకుండా, కుంకుడు రసమూ బూడిద తేటా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో పుర్రెను నానబెట్టాడు. నీళ్ళ మీద కొవ్వు తెట్టు కట్టినప్పుడల్లా వంచేసి కొత్తవి పోశాడు. ఆపైన చౌడుమట్టిని ముద్దగా కలిపి మందంగా పూసి ఎండలో పెట్టాడు. ఎండుతున్న మట్టి ఎముకలోని జిడ్డును తనలోకి పీల్చుకుని పచ్చబడేది. ఆ పచ్చమట్టిని రాల్చి తాజాది పూసేవాడు. పగటి ఎండా వేకువ మంచూ మార్చిమార్చి తగిలి, వారాలు గడిచేసరికి, పుర్రె అంచుల నుంచి తెలుపు తిరగసాగింది.

బొట్లు ఆగిపోయాయి. ఆ వార్త విన్ననాడు ధూమ్రకేశుడి ముఖం పాలిపోయింది.

మరునాడు మధ్యాహ్నం పుర్రె పిట్టగోడ మీద ఆరుతోంది. వీరమల్లు కాస్త దూరంలో కూర్చుని అన్నం తింటున్నాడు. అకస్మాత్తుగా బురుజు మీద నీడ పడింది. ధూమ్రకేశుడి పెంపుడు గద్ద! నెమలికంటే పెద్దది, ఇనుప కొక్కేల వంటి గోళ్ళు. అది రివ్వున దిగి పుర్రె కంటిగుంటల్లో గోళ్ళు దించి పైకి లేచింది. శరభాంకుడు పిట్టగోడ మీదికి ఎగిరి ముందుకు వాలాడు. ఒక చేతికి కొమ్ము దొరికింది. పక్షి, పుర్రె, మనిషి ముగ్గురూ కోటగోడ అవతలికి వేలాడారు. కింద, ఎన్నో తాటిచెట్ల లోతున, ఘోరరవ నురగలు కక్కుతోంది. గద్ద రెక్కలు అతడి ముఖాన్ని ఈడ్చి కొట్టాయి. అతడు రెండో చేత్తో దాని కాలు పట్టి మెలితిప్పాడు. పక్షి కీచుమని అరిచి పట్టు వదిలింది. శరభాంకుడు పుర్రెతో సహా లోయలోకి జారిపోతుండగా అతడి చీలమండలను ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"కదలకురా బాబూ, కదిలావంటే ఇద్దరం పోతాం!" వీరమల్లు రొప్పుతూ అతడిని పైకి లాగి, గోడకు చేరగిలబడి ఆయాసపడ్డాడు. "నీ పుర్రె సంగతి దేవుడెరుగు. నా చేతులకు పట్టిన నీ కాళ్ళ కంపు నెలదాకా పోదు. నా పెళ్ళాం ఇంట్లోకి రానిస్తుందా?"

"మీ పుణ్యం ఊరికే పోదు, మల్లన్నా."

"నా పెరుగన్నం మాత్రం ఊరికే పోయింది. కాకులు తినేశాయి. నీది ఇలా ఇవ్వు." వీరమల్లు అతడి దొన్నె లాక్కుని రెండు ముద్దలు తిని ముఖం చిట్లించాడు. "ఇదేమిటోయ్? కోటలో అందరి పెరుగన్నంలోనూ అల్లం దండిగా వేస్తారు. నీ దొన్నెలో ఒక్క ముక్క లేదు. వంటవాడికి నీ మీద ఏం పగ?"

శరభాంకుడు ఆ మాట వినిపించుకోలేదు. అతడు పుర్రెను ఒడిలో పెట్టుకుని, ఎక్కడైనా బీటలు వారిందేమోనని వేళ్ళతో తడిమి చూస్తున్నాడు.

నిజానికి అతడు వెతుకుతున్న జవాబు అంతకుముందే దొరికింది. పుర్రెకు కింది దవడ విడిగా ఉంటుంది. దానిని కడుగుతున్న రోజున దంతాలు చూశాడు. ఏళ్ళ తరబడి ముదురు గడ్డి నమిలి నమిలి అరిగిపోయి, పలకల్లా నునుపెక్కిన దంతాలు. ముసలి మృగం. దవడ కుడివైపు ఒక బొడిపె తగిలింది. మట్టిని గీరితే, ఎముకలో పాతుకుపోయిన బాణపు ములికి బయటపడింది. దాని చుట్టూ ఎముక మళ్ళీ పెరిగి, చెట్టు కాండం మేకును మింగినట్లు మింగివేసింది. గాయమై, మాని, ఏళ్ళు గడిస్తే తప్ప ఎముక అలా పెరగదు. ఆ ములికి మీద నెలవంక ముద్ర ఉంది. అది మహీధరవర్మ ముద్ర. జయకేతనుడికి అక్షరాభ్యాసం జరిగిన ఏట రాజు ఆ ముద్రను తీసివేసి సూర్యబింబాన్ని స్వీకరించాడు. అంటే అన్న పలక మీద అక్షరాలు దిద్దకమునుపే ఈ కణుజు అడవిలో తిరుగుతోంది. రాజు బాణం తిని తప్పించుకుంది. ఇది వట్టి కణుజు.

'నేను అన్నను చంపలేదు.' ఆ మాట మనసులో మెదలగానే శరభాంకుడు దవడను గుండెకు అదుముకుని, శబ్దం బయటికి రాకుండా ఏడ్చాడు. ఆ వెంటనే రెండో ఆలోచన వచ్చింది. ఇది అన్న కాకపోతే, ఈ పుర్రెను ఒడిలో పెట్టుకుని రోజూ మాట్లాడే అమ్మకు ఇక ఏం మిగులుతుంది?

రాణి సువర్చలాదేవి రోజూ పొద్దెక్కిన తరువాత బురుజు మీదికి వచ్చేది. ఏడ్చి ఏడ్చి ఆమె చూపు మందగించింది. దాసీలు ముక్కులు మూసుకుని మెట్ల దగ్గరే ఆగిపోయేవారు. ఆమె మాత్రం కొంగైనా అడ్డం పెట్టుకోకుండా వచ్చి అతడి పక్కనే కూర్చునేది. దవడ కడిగిన మరునాడూ అలాగే వచ్చి కూర్చుంది.

"ఎలా ఉన్నాడు నాయనా, నా పెద్దాడు?"

"తెల్లబడుతున్నాడు, అమ్మగారూ."

"చిన్నప్పుడు నల్లగా ఉన్నానని ఏడ్చేవాడు. సున్నిపిండితో ఎంత రుద్దినా నల్లగానే ఉండేవాడు." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "నీకు తల్లి ఉందా, సింగన్నా?"

"ఉందమ్మా."

"నువ్వు ఇంత దూరం వచ్చి కూర్చుంటే పాపం ఆమె ఎలా ఉంటుంది?"

అతడు చేతిలో ఉన్న దవడను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళు అరిగిన దంతాల మీద నడిచి, బొడిపె దగ్గర ఆగాయి.

"ఇదేమిటి? గుచ్చుకుంటోంది."

"పాత బాణం ములికి, అమ్మగారూ. ఎప్పుడో మానిన గాయం. ములికి మీద నెలవంక ఉంది."

గాలికి ఎండుమట్టి పెళ్ళలు రాలుతున్నాయి. ఆమె వేలు నెలవంక మీద అటూ ఇటూ తిరిగింది.

"మాంత్రికుడు చూశాడా దీన్ని?"

"లేదు."

"చూడకూడదు. చూస్తే మంటల్లో వేస్తాడు. కింది దవడ లేకుండానే గోడకు తగిలిస్తారుగా మీవాళ్ళు? ఎవరూ అడగరు. ఇది నా దగ్గర ఉండనీ. అదను చూసి నేనే మహారాజుకు చూపిస్తాను." ఆమె దవడను కొంగులో చుట్టుకుని లేచింది. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అంది: "అయితే ఇన్నేళ్ళూ నేను ముద్దుపెట్టుకున్నది ఒక జంతువునన్న మాట."

"తల్లీ..."

"దాన్నీ ఒక తల్లి కన్నదిలే, నాయనా."

ఆ అదను రాలేదు. గద్ద దాడి విఫలం కాగానే, పుర్రెను మరునాడే సభకు తెప్పించమని ధూమ్రకేశుడే తొందరపెట్టాడు. పని పూర్తికానిదే తేకూడదని శరభాంకుడు చెప్పి చూశాడు. రాజు వినలేదు. తెల్లబడిందన్న ఒక్కమాటే ఆయన చెవికెక్కింది.

సభామండపాన్ని పచ్చతోరణాలతో అలంకరించారు. పెద్ద యువరాజు లేచి వస్తే కట్టుకోవడానికి పట్టుబట్టలు, పెట్టుకోవడానికి రత్నకిరీటం బంగారు పళ్ళెంలో సిద్ధంగా ఉంచారు. మహీధరవర్మ తెర తొలగించాడు. చందనపు పీఠం మీద పుర్రె, అప్పుడే కడిగిన శంఖంలా మెరిసింది.

ఏమీ జరగలేదు. ఎక్కడో ఒక పావురం రెక్కలు కొట్టుకుంది.

"లే నాయనా," అన్నాడు రాజు. "లే జయా. అమ్మ వచ్చింది. నేనూ వచ్చాను. ఇంకా ఏం కావాలి నీకు?"

ఆ పిలుపు విని శరభాంకుడు తల వంచుకున్నాడు. తండ్రి ఇంతగా కుంగిపోయి ఉంటాడని అతడు ఊహించలేదు. సభికులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. కొందరి చూపులు ధూమ్రకేశుడి మీదికి మళ్ళాయి. మాంత్రికుడి నుదుట చెమట పట్టింది. అంతలో రాజే అతడికి ఊతం అందించాడు.

"ఆ చెవుల్లో ఏమిటది?"

"మైనం, ప్రభూ," అన్నాడు శరభాంకుడు. "మా వాడలో ఆచారం. పుర్రె తెల్లబడ్డాక వేటగాడే వచ్చి మైనం తీసి, తన పేరు చెప్పుకుని క్షమాపణ అడగాలి. అప్పుడే దాన్ని గోడకు తగిలిస్తాం. వేటగాడు లేకపోతే అతడి బదులు మేమే చెబుతాం."

"అదీ కారణం!" ధూమ్రకేశుడు దండం నేలకు తాటించాడు. "మహారాజా, హంతకుడు తన పేరు చెప్పనిదే యువరాజు ఎలా లేస్తాడు? ఆ హంతకుడు ఇక్కడ లేడు! నా మంత్రంలో దోషం లేదు!"

రాజు పీఠం పక్కన కూలబడ్డాడు. "వాణ్ణి తరిమింది నేనే గదా. ఏ దేశంలో ఉన్నాడో, తిన్నాడో లేదో. ఒక కొడుకు కోసం ఇంకో కొడుకును..." మాట మింగి సింగన్న వైపు చూశాడు. "చెప్పు. వాడి బదులు నువ్వే చెప్పు."

శరభాంకుడు పుర్రె ముందు మోకరిల్లాడు. 'శరభాంకుడనే వేటగాడి బదులు' అన్న మూడు మాటలు పలికితే చాలు. వాడలో ఎందరి పేర్లో, ఎన్ని పుర్రెల చెవుల్లోనో అతడు అలా చెప్పి ఉన్నాడు. కాని తాను చంపిన మృగం అతడి ఎదుట అంతకుముందెన్నడూ లేదు. మైనం తీసేసరికి అతడు సభను మరిచాడు, మాంత్రికుణ్ణి మరిచాడు, తలమీద వేలాడుతున్న కత్తిని మరిచాడు.

"నేను, శరభాంకుణ్ణి," అన్నాడు. "మడుగులో నీళ్ళు తాగుతున్నావు. నువ్వు నాకే అపకారమూ చేయలేదు. నేనే చంపాను. నన్ను క్షమించు."

రాతి మండపం ఆ గుసగుసను కంబం నుంచి కంబానికి మోసుకుపోయింది.

"విన్నారా!" ధూమ్రకేశుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "వీడే! వాసన చాటున దాగి వచ్చిన సోదరఘాతకుడు వీడే! ప్రభూ, మీ కత్తి, మీ ప్రమాణం! ఆ రక్తం తగిలితేనే యువరాజు లేస్తాడు!"

రాజు లేచాడు. కత్తి ఒర నుంచి సగం బయటికి వచ్చింది. ఆయన చేతులు కొడుకును కౌగిలించుకోవడానికి లేస్తున్నాయో, నరకడానికి లేస్తున్నాయో ఆయనకే తెలియదు. కాని ప్రమాణం ప్రమాణమే; అందులో సంజాయిషీకి చోటు లేదు. శరభాంకుడు ములికి గురించి చెప్పాలని నోరు తెరిచాడు.

"ఆగండి."

సువర్చలాదేవి ఆసనం దిగి వచ్చింది. నేరుగా నడిచి శరభాంకుడి ఎదుట నిలబడి, అతడి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. మందగించిన చూపుతో అతడిని చాలాసేపు చూసింది.

"వీడు నా కొడుకు కాదు," అంది.

ఆమె రాజు వైపు తిరిగింది.

"వేటగాడి బదులు చెప్పవలసిన మాట తడబడి తన మాటగా చెప్పాడు. పని చేసుకునే మనిషి, మన సభ చూసి బెదిరిపోయాడు. శరభాంకుణ్ణి కన్నది నేను. నాకు తెలియదా?"

మాంత్రికుడు పళ్ళు కొరికాడు. "తల్లి మనసు అబద్ధమాడుతుంది. పెద్ద కొడుకు తల మీద చెయ్యి వేసి ఆ మాట చెప్పమనండి, మహారాజా!"

"వేస్తాను."

ఆమె పీఠం దగ్గరికి వెళ్ళి, తెల్లని కణుజు నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. "నా జయకేతనుడి తల మీద ఒట్టు. ఇతడు నాకు ఏమీ కాడు."

అది యువరాజు తల కాదని ధూమ్రకేశుడికి తెలుసు; ఆ ఒట్టుకు విలువ లేదనీ తెలుసు. ఆ మాట పైకి చెప్పడానికి మాత్రం వీల్లేదు. అతడు అల్లిన అబద్ధంలోనే ఆమె తన కొడుకును దాచింది. కాని అదే ఒట్టుతో అతడి అబద్ధానికి రాజ్యమంతటి ముందు ప్రాణం పోసింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. రాజు కత్తిని ఒరలోకి తోసి, చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"అయితే వీడు క్రతువును అపవిత్రం చేశాడు," అన్నాడు మాంత్రికుడు తేరుకుని. "తెడ్డు లేని పుట్టి పడవలో ఎక్కించి ఘోరరవలో వదలండి!"

రాజు కాదనలేదు. భటులు రెక్కలు పట్టుకుని శరభాంకుణ్ణి లేపారు.

"ఉండండి. పని చేసినవాణ్ణి ఉత్త చేతులతో పంపరాదు," అంటూ రాణి తన దాసి చేతిలోని చిన్న మూట తీసి అతడి భుజానికి తగిలించింది. ఆమె గొంతు రాజసభలో ఎంత గంభీరంగా ఉండాలో అంతే ఉంది. "సింగన్నా, ఆ పుర్రె ఒంటరిగా ఉంది. దానికి జత ఎక్కడైనా దొరికితే తీసుకురా. రెండూ కలిపి తీసుకురా. ఒక్కడివే వట్టి చేతులతో మాత్రం రాకు."

"వెతుకుతాను," అన్నాడతడు. 'అమ్మా' అనబోయి, "అమ్మగారూ" అన్నాడు.

ఆమె అప్పటికే వెనుదిరిగింది.

రేవు దగ్గర వీరమల్లు పుట్టిని నీళ్ళలోకి తోశాడు. ఆ రోజు అతడు ముక్కు మూసుకోలేదు. "కాళ్ళు పట్టి లాగినవాణ్ణి నేనే, నీళ్ళలోకి తోసేవాణ్ణీ నేనే. నా బతుకు చూడు," అని గొణిగి, పక్కవాళ్ళు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. ప్రవాహం పుట్టిని లాక్కుపోయింది. గిరగిర తిరుగుతున్న పుట్టిలో నుంచి శోణదుర్గం ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు కనిపించింది. బురుజు మీద ధూమ్రకేశుడు చెయ్యెత్తాడు. అతడి మణికట్టు మీది నుంచి గద్ద లేచింది. ముందు, లోయ మలుపులో, జలపాతం హోరు దగ్గరవుతోంది.

శరభాంకుడు మూట విప్పాడు. రాణి చీరకొంగులో చుట్టిన కణుజు కింది దవడ. నెలవంక ములికి నుంచి మట్టి పూర్తిగా తుడిచేసి ఉంది. ప్రపంచంలో ఎవరికైనా చూపగల సాక్ష్యం. దాని కింద విస్తరాకులో పెరుగన్నం.

అతడు ఆకలితో కాదు, చేతికి తగిలింది గనుక ఒక ముద్ద నోట పెట్టుకున్నాడు. నమలబోతూ ఆగిపోయాడు. అల్లం లేదు. చిన్నతనంలో పెరుగన్నంలో అల్లం ముక్క పంటి కింద పడితే అతడు ఇల్లెక్కి ఏడ్చేవాడు. అమ్మ ఒక్కొక్క ముక్కా వేళ్ళతో ఏరి పక్కన పెట్టేది. వీరమల్లు దొన్నె లాక్కున్న నాటి మాట ఇప్పుడు చెవిన పడింది. కోటలో అందరి అన్నంలోనూ ఉంది. సింగన్న అన్నంలో మాత్రం, వచ్చిన మొదటి పూట నుంచీ, లేదు.

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా పక్కన కూర్చుని 'నీకు తల్లి ఉందా' అని ఆమె అడిగింది ఎవరినో అతడికి ఇప్పుడు తెలిసింది. జత వెతికి తెమ్మన్నది అన్న జయకేతనుణ్ణేననీ తెలిసింది.

గద్ద నీడ పుట్టి మీద పడింది. అతడు దవడను కొంగుతో సహా నడుముకు బిగించి, రెండు చేతులూ నీళ్ళలో ముంచి ఒడ్డు వైపు తోశాడు. ప్రవాహం వినలేదు. గోళ్ళు అతడి భుజం చీల్చాయి. తల్లి పెట్టిన ముద్ద ఇంకా మింగుడుపడకముందే, పుట్టి అంచు జలపాతం అంచును తాకింది.